సొర నూనె పూసిన జపాన్ కారు

నా షెడ్డుకి కొత్తగా వచ్చేవాళ్ళు ముందు నన్ను దాటుకుని లోపలికి తొంగి చూస్తారు. "మేస్త్రి లేడా అమ్మా?" అని అడుగుతారు. నా చేతిలో సుత్తి ఉంటుంది, మోచేతుల దాకా ప్రైమరు రంగు ఉంటుంది, తలకి తువ్వాలు చుట్టి ఉంటుంది. అయినా అదే ప్రశ్న. మొదట్లో ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు నవ్వి, "ఉండాడు, కూర్చోండి" అని కుర్చీ చూపించి నా పని నేను చేసుకుంటాను. కాసేపటికి వాళ్ళకే తెలిసొస్తుంది. అప్పుడు వాళ్ళ ముఖం చూడాలి!

ముత్తుకూరు నుంచి కృష్ణపట్నం పోయే రోడ్డు మీద ఉంది మా షెడ్డు. పొద్దున లేస్తే పోర్టు లారీలు, వాటి వెనక దుమ్ము. మాకు అన్నం పెట్టేవి ఆ లారీలూ కంపెనీ జీపులే. పేరు తెచ్చినవి మాత్రం జపాన్ కార్లు. పాతకాలపు రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లు. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి లారీ మీద ఎక్కించి మరీ నా దగ్గరికి పంపుతున్నారు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉండేదో అలా చేసి ఇవ్వాలి. కొత్తగా చేయమంటే ఎవరైనా చేస్తారు. సందుల్లో లప్పం కుక్కి, తళతళలాడే రంగు కొట్టి పంపితే పెళ్ళి ఊరేగింపుకి పనికొస్తుంది. పైన పటారం, లోన లొటారం. నేను ఆ పని చేయను. ఫ్యాక్టరీలో ఎవరో వెల్డింగు కాస్త వంకరగా వేసి ఉంటే ఆ వంకర కూడా నాకు కావాలి.

ఆ కార్ల స్క్రూల తల మీద ప్లస్ గుర్తు మన ప్లస్ లాగానే కనిపిస్తుంది. రెండూ ఒకటి కాదు. మన స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే తల అరిగి గుండు అయిపోతుంది. దానికి వేరే స్క్రూడ్రైవరు ఉంది, నా డబ్బాలో. నన్ను అడక్కుండా దాన్ని ముట్టుకున్నవాడికి అక్షింతలే.

ఈ పిచ్చి నాకు ఒక్క కారుతో మొదలైంది. ఆ కారు బతికింది మా అమ్మ వల్ల. ఆ సంగతి మా ఊళ్ళో వాళ్ళకి కూడా సగమే తెలుసు. అందుకే మొత్తం రాస్తున్నాను.

మాది కృష్ణపట్నం దగ్గర చేపలు పట్టుకుని బతికే పల్లె. ఊరి చివర ఓడల్లో ఇంజనీరుగా చేసే ఒక సారుకి కొబ్బరితోట ఉండేది. సెలవులో ఉన్నప్పుడు ఆయన నెల్లూరులో ఉండేవారు, మిగతా కాలమంతా సముద్రం మీదే. తోటకి మా అమ్మానాన్న కాపలా. నాన్న వేటకి పోతే కాపలా అంతా అమ్మదే.

నేను బడికి పోయే రోజుల్లో సారు జపాన్ నుంచి ఒక కారు తెచ్చారు. మద్రాసు హార్బరులో దింపించుకుని తానే నడుపుకుంటూ మా తోట దాకా వచ్చారు. పండుమిరపకాయ రంగు. ముందు ముక్కు ఇంత పొడుగు, వెనక పొట్టి. వెనక వచ్చే బండ్లని చూసుకునే అద్దాలు తలుపులకి ఉండవు, ఎక్కడో ముందు, దీపాల పైన, ఎండ్రకాయ కళ్ళలాగా పొడుచుకొచ్చి ఉంటాయి. బండి వంద దాటితే లోపల గంట మోగుతుందని సారు చెప్పారు. మా ఊరి రోడ్డు మీద వంద ఎక్కడిది? అందుకని ఆయనే నోటితో టింగు టింగు అని మోగించి వినిపించారు. ఊరి పిల్లలందరిలో ఆ అద్దాలు తుడిచే హక్కు నా ఒక్కదానికే ఉండేది. ఆ పొగరు నాకిప్పటికీ దిగలేదు.

సారు ఓడ ఎక్కితే కారు తోటలో రేకుల షెడ్డులో ఉండేది. తాళంచెవి అమ్మ దగ్గర. మా తీరం గాలి సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. కొత్త సైకిలు కొని ఆరుబయట పెడితే నాలుగు వానలకి ముందే చైను బిగుసుకుపోతుంది. కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలిపోతాయి. అప్పట్లో మావన్నీ చెక్క పడవలు. వేట లేని రోజుల్లో పడవల్ని ఒడ్డుకి లాగి, ఎండబెట్టి, సొరచేప కార్జం కాచి తీసిన నూనె పూసేవాళ్ళు. ఆ నూనె పట్టిన పడవని ఉప్పు ముట్టుకోదు. వాసన మాత్రం, దేవుడా, పది ఇళ్ళ అవతలికి కొడుతుంది. బడిలో మా పల్లె పిల్లల్ని వేరే బెంచీలో కూర్చోబెట్టడానికి ఆ వాసనే సాకు.

ఆ ఏడు పడవకి పూయగా డబ్బాలో నూనె మిగిలింది. అమ్మ కొబ్బరిపీచు చేత్తో పట్టుకుని కారు కిందికి దూరింది. అడుగు రేకంతా పూసింది. చక్రాల గూళ్ళు పూసింది. తలుపుల అడుగున నీళ్ళు కారిపోవడానికి చిన్న కంతలు ఉంటాయి, వాటిలోకి కూడా పీచుతో ఎక్కించింది. నేను డబ్బా పట్టుకుని కూర్చున్నాను. పడవనీ కారునీ ఒకే ఉప్పు కదా తినేది, అమ్మకి అందులో అనుమానమే లేదు.

సారు సెలవుకి వచ్చారు, స్నేహితుల్ని వెంటపెట్టుకుని. మంచి ఎండాకాలం. షెడ్డు తలుపు తీయగానే అందరూ ముక్కులు మూసుకున్నారు.

"ఏం చేసినావు దీన్ని?" అని అరిచారు సారు.

"నూనె పూసినా సార్. ఉప్పు తినకుండా."

"కారనుకున్నావా, చేపల గంప అనుకున్నావా? ఇంకోసారి దీని మీద చెయ్యేస్తే తోటలో కాలు పెట్టనీను!"

స్నేహితులు నవ్వారు. ఒకాయన మరీ వంగి నవ్వారు. అమ్మ కొంగు దోపుకుని కొబ్బరిమట్టలు ఏరడానికి వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు అద్దాలు తుడవలేదు.

మరుసటి ఏడు పడవలకి నూనె పూసే రోజులు వచ్చాయి. అమ్మ మళ్ళీ డబ్బా తీసింది.

"సారు వద్దన్నాడు కదమ్మా!"

"నాకు చెప్పినాడు. ఉప్పుకి చెప్పినాడా?" అంది అమ్మ, కారు కిందికి దూరుతూ.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ సామెత కట్టినవాళ్ళు మా అమ్మ లాంటిదాన్ని చూసే కట్టి ఉంటారు.

తరవాత ఆ కారుకి క్లచ్చు పోయింది. సామాను ఎక్కడా దొరకలేదు. సారు వేరే కారు కొనుక్కున్నారు, తోటకి రావడం తగ్గించారు. ఎర్రకారు షెడ్డులో ఉండిపోయింది. మా ఊళ్ళో చెక్క పడవలు పోయి ఫైబరు పడవలు వచ్చాయి, నూనె కాచే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. అమ్మ మాత్రం సొర పడ్డప్పుడల్లా కార్జం అడిగి తెచ్చుకుని పెరట్లో కాచేది. "ఏంది మే ఈ కంపు, ఎవురి కోసం?" అని చుట్టుపక్కల వాళ్ళు తిట్టేవాళ్ళు. "నా కారు కోసం" అనేది. నా కారు అట! వినేవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు.

నాన్న ఫైబరు పడవలకి మాట్లు వేయడం నేర్చుకుంటే, పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. పెళ్ళయి ముత్తుకూరు వచ్చాక ఒక టింకరింగ్ షెడ్డులో పనికి చేరాను. మా ఆయన పోర్టులో క్రేను నడుపుతారు. ఆడదానికి సుత్తి పనేంటని ఆయన వైపు వాళ్ళు సణిగితే, "దానికి సుత్తి ఇవ్వకపోతే నా నెత్తిన కొడుతుంది" అని నోళ్ళు మూయించారు. తరవాత సొంత షెడ్డు పెట్టుకున్నాను. అక్కడిదాకా బాగానే ఉంది.

ఒకనాడు అమ్మ ఫోను చేసింది. గొంతు వేరేగా ఉంది. సారు ఉద్యోగం మానేసి నెల్లూరులోనే ఉంటున్నారు, తోట పనులు చక్కబెడుతూ కారుని అమ్మేద్దామనుకున్నారు. చెన్నై నుంచి ఒకాయన చూడటానికి వచ్చాడు. ఇద్దరూ కారు కిందికి టార్చి వేసి చూశారు. అడుగంతా నల్లగా, బొటనవేలి మందాన అట్టగట్టి ఉంది. నూనె, ఇసక, కొబ్బరిపీచు, చచ్చిన చీమలు. అమ్మ ఇన్నేళ్ళూ మానలేదని సారుకి అప్పుడే తెలిసింది.

"నూనె ఇసకని పట్టుకునింది, ఇసక తడిని పట్టుకునింది, తడి రేకుని తినేసింది. నా కారుని నువ్వే చంపినావు" అన్నారట. అదీ ఆ చెన్నై ఆయన ముందు.

నేను వెళ్ళేసరికి అమ్మ అన్నం ముట్టకుండా గోడకి ఆనుకుని కూర్చుంది. ఎవరేమన్నా ఎదురు తిరిగి పది అనే మనిషి. "నిజంగా నేనే చంపినానేమో చూడు పాపా. నీకు తెలుస్తుంది కదా" అంది. అలా అడిగిందంటే ఎంత దెబ్బ తగిలిందో నాకు అర్థమైంది.

అటునుంచి అటే నెల్లూరు వెళ్ళి సారు ఇంట్లో కూర్చున్నాను. కారు నాకివ్వండి, పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చేసి చూపిస్తానన్నాను. ఆయన నవ్వలేదు, అది మేలు. షరతు పెట్టారు.

"అడుగు రేకు ఫ్యాక్టరీదే గట్టిగా ఉండాదనుకో, బాగుచేయడానికి నీకే ఇస్తా. కొత్త రేకు అతికించాల్సి వచ్చిందనుకో, అది నేను కొన్న కారు కాదు. చెన్నై ఆయన ఇంజను పీక్కోని మిగతాది తూకానికి వేసుకుంటాడు, అంతే."

"సరే సార్. చూసే రోజు మీరు కూడా రావాల."

కారుని నా షెడ్డుకి లాక్కొచ్చాం. పాత టైర్లు పరిచి, వాటి మీద కారుని పక్కకి పడుకోబెట్టాం. సారు కుర్చీలో కూర్చున్నారు, మోకాళ్ళ మధ్య కర్ర పెట్టుకుని. పిలవకుండానే అమ్మ ఆటో దిగింది. కొత్త చీర కట్టుకుని వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది, లోపలికి రాలేదు.

ఇనప ముక్కతో గోకితే కింద రంగు పోతుందని కొబ్బరి చిప్ప ముక్క తీసుకున్నాను. మరిగే నీళ్ళలో చాకలి సోడా కలిపి ఆ అట్ట మీద పోసి, నానబెట్టి, గోకడం మొదలుపెట్టాను. షెడ్డంతా కంపు లేచింది. పక్క టైర్ల కొట్టువాడు షట్టరు దించుకున్నాడు. మొదటి పెళ్ళ ఊడింది. దాని కింద తేనె రంగు జిడ్డు. గుడ్డ పెట్టి తుడిచాను.

ఎరుపు. పండుమిరపకాయ ఎరుపు. అద్దాలు తుడిచిన రోజుల నాటి ఎరుపు, గీత కూడా పడకుండా.

స్క్రూడ్రైవరు తీసుకుని రేకు మీద పొడిచాను. తుప్పు పట్టిన రేకైతే అప్పడంలాగా లోపలికి దిగిపోతుంది. ఇది ఖంగుమంది. ఇంకోచోట పొడిచాను, ఖంగుమంది. చక్రాల గూళ్ళలో, సీట్ల కింద, మూలల్లో, ఎక్కడ పొడిచినా అదే మోత. అంత పాత కారులో అలాంటి అడుగు రేకు నేను అప్పటికి చూడలేదు, ఆ తరవాత వచ్చిన కార్లలోనూ చూడలేదు.

డ్రైవరు సీటు అడుగున ఒకచోట పసుపుపచ్చ మైనం పెన్సిలుతో గీసిన గుర్తు బయటపడింది. సున్నా చుట్టి, పక్కన జపాన్ అక్షరం ఒకటి. సారు లేచి వచ్చి కళ్ళద్దాలు సర్దుకుని చూశారు.

"ఫ్యాక్టరీలో చెకింగు చేసినోడు పెట్టిన గుర్తు ఇది. జపానోళ్ళ షిప్‌యార్డులో చూసుండా. బాగుంది, పోనీండి అని" అన్నారు మెల్లగా.

గేటు దగ్గర నుంచి అమ్మ గొంతు వినిపించింది. "నేనూ అదే కదా చెప్పినా, బాగుండాదని!"

సారు అటు చూశారు. ఏదో అంటారనుకున్నాను. నా వైపు తిరిగి "పని మొదలుపెట్టు" అని చెప్పి తను వచ్చిన కారెక్కి వెళ్ళిపోయారు. ఒక్క మాట అంటే ఏం పోయేది? నా చేతిలో కొబ్బరి చిప్ప విరిగిపోయింది. అమ్మ మాత్రం లోపలికి వచ్చి ఆ రేకు మీద చెయ్యి పెట్టి నిమిరి, "ఆకలేస్తా ఉండాది, ఏమన్నా ఉండాదా?" అంది. ముత్తుకూరు హోటల్లో పూరీ తినిపించి పంపాను.

ఆ కారుతో నేను పడిన పాట్లు రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది. క్లచ్చు ప్లేటు జపాన్ నుంచి ఎవరెవరి చేతులో మారి వచ్చింది. సీట్ల మీద కుట్టు ఎన్ని కుట్లకి ఎంత దూరమో పాత కుట్టు పక్కన పెట్టుకుని కుట్టించాను, దర్జీ నన్ను చూస్తే పారిపోయేవాడు. ముందు అద్దాలకి బదులు కొత్తవి కొందామని సారు అంటే ఒప్పుకోలేదు. పాతవాటికే మెరుగు పెట్టాను, వాటిని తుడిచిన చెయ్యి నాది. పైన రంగు ఉప్పుగాలికి వెలిసిపోయింది కాబట్టి బయటివైపు కొట్టక తప్పలేదు. అడుగున మాత్రం ఫ్యాక్టరీ రంగునే ఉంచాను. ఆ పసుపు గుర్తు మీద గాలి కూడా గట్టిగా తగలనివ్వలేదు.

బయట రంగు కొట్టే రోజు వచ్చింది చావు. స్ప్రే గన్నుతో కొట్టిన రంగు నా కళ్ళ ముందే చిన్న చిన్న గుంటలు పడింది, మశూచి మచ్చల్లాగా. సందుల్లోంచి నూనె పైరేకు మీదికి కూడా పాకి ఉంది. నూనె జాడ ఉన్న రేకు మీద రంగు నిలవదు, పక్కకి తప్పుకుంటుంది. మొత్తం ఉప్పు కాగితంతో రుద్ది, సోడా నీళ్ళతో కడిగి, మళ్ళీ కొట్టాను. మళ్ళీ గుంటలు. కోపం పట్టలేక అమ్మకి ఫోను చేసి అరిచాను. "ఎంత పూసినావే తల్లీ, పడవకి కూడా ఇంత పూయరు కదే!"

"పూసినప్పుడు డబ్బా పట్టుకునింది ఎవురు?" అని అమ్మ నవ్వింది.

ఆరబెట్టి, కడిగి, ఎండలో పెట్టి, మళ్ళీ కడిగి, చివరికి రంగు నిలబడింది. నిలబడ్డాక దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుని టీ తాగాను. అంత బాగుంది. నేను చేసిన పని నాకే ముద్దొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేంటి?

చెన్నైలో పాత కార్ల పోటీ జరిగింది. సారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద తానే నడిపారు. సూళ్ళూరుపేట దాటాక యాక్సిలరేటరు మీద ఆయన కాలు కొంచెం గట్టిగా పడింది. లోపల గంట మోగింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని చిన్నపిల్లల్లాగా నవ్వాం. అమ్మకి కారెక్కితే వాంతులు, అందుకని రాలేదు.

పోటీలో జడ్జీగారు తెలుగు బాగా వచ్చిన పెద్దమనిషి. బోల్టు బోల్టునీ చూశారు. అడుగున పసుపు గుర్తు చూసి కింద పడుకుని మరీ ఫొటో తీసుకున్నారు. నాతో చెయ్యి కలిపి, "ఈ పని ఎక్కడ చేయించారు?" అని సారుని అడిగారు. "నువ్వే చెప్పు" అన్నట్టు సారు నావైపు కర్ర చూపించారు. నేను ముత్తుకూరు అన్నాను, ఆ పేరు గట్టిగా, రెండుసార్లు.

అంతా అయిపోయి ఆయన మార్కుల కాగితం మడుస్తుండగా చెన్నై ఎండకి తలుపు అడుగు కంతలోంచి ఒక చుక్క జారింది. తేనె రంగు చుక్క. జడ్జీగారు వేలితో తీసి వాసన చూసి మొహం అటు తిప్పారు.

"ఇదేంటండీ, చేప వాసన!"

తలుపుల లోపలి సందుల్లోకి నీళ్ళు పూర్తిగా పోవు. అక్కడ అమ్మ నూనె ఇంకా ఉంది. ఫ్యాక్టరీలో లేనిది ఏది కనబడినా మార్కు పోతుందని పోటీ నియమం. ఆయన మంచివాడు. జేబులోంచి గుడ్డ తీసి నా చేతికిచ్చి, "తుడిచేయమ్మా, కంతలో గుడ్డ కుక్కెయ్యి. నేను చూడలేదనుకుంటా. ఒక్క మార్కు కోసం మొదటి బహుమతి పోగొట్టుకోకు" అన్నారు.

నేను వంగాను. నిజం చెప్పాలంటే నాకు ఆ మొదటి బహుమతి కావాలి. నా చెయ్యి కంత దగ్గరికి పోతుండగా సారు కర్ర అడ్డం పెట్టారు.

"వద్దు. మార్కు తీసేసుకోండి" అన్నారు జడ్జీగారితో. "ఇది ఫ్యాక్టరీలో పూసింది కాదు, నిజమే. ఈ పాప వాళ్ళమ్మ పూసింది. పూయొద్దని పది మందిలో తిట్టినా. అయినా పూసింది. ఆమె పూయకుంటే మీరు ఫొటో తీసుకోడానికి ఈడ కారే లేదు. తుడిపించను."

జడ్జీగారు కాగితం విప్పి, ఏదో కొట్టేసి మళ్ళీ రాశారు. మొదటి బహుమతి కోయంబత్తూరు కారుకి వెళ్ళింది. మాకు రెండోది. నా జీవితంలో అంత గర్వంగా ఓడిపోయింది లేదు.

తిరుగు ప్రయాణంలో సారు నెల్లూరుకి పోలేదు. హైవే దిగి నేరుగా మా పల్లెకి పోనిచ్చారు. సాయంత్రం ఎండలో అమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. ఎర్రకారు వచ్చి ఆగేసరికి ఊరంతా చుట్టూ మూగింది. సారు దిగి, కర్ర పక్కన పెట్టి, అంతమంది ముందు అమ్మకి రెండు చేతులూ జోడించారు.

"కారుని బతికించింది నువ్వమ్మా. నేను నోరు పారేసుకున్నా."

అమ్మ ఇబ్బందిగా చేతులు చీరకి తుడుచుకుంది. నావైపు చూసింది, పోటీ ఏమయిందని. జరిగింది చెప్పాను. చుక్క కారడం, మార్కు పోవడం, రెండో బహుమతి, అన్నీ.

"ఎన్ని మార్కులు పోయినాయి సార్, నా నూనెకి?"

"ఒకటి."

"ఒకటేనా!" అంది అమ్మ. తరవాత కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కిందికి చూసి, మోకాళ్ళు పట్టుకుని లేచింది. "అడుగంతా కడిగేసి పెట్టినారు, ఉట్టి రేకు. వానలు పడేలోపల ఒకతూరి తీసుకురండి. డబ్బాలో ఇంకా నూనె ఉండాది."

"తెస్తానమ్మా" అన్నారు సారు.